స్టాండింగ్ ఆర్డర్ చూపమంటే ‘లోపలి విషయం’ అంటున్నారు: పోలీసు నిబంధనలను వెబ్‌సైట్‌లో పెట్టించే హక్కు మనకు ఉందా?

ప్రశ్న: మా ఊరి తిరునాళ్లలో చాలా ఏళ్ల క్రితం జరిగిన కొట్లాటలో మా తమ్ముడి మీద ఒక కేసు పెట్టారు. అది లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఆ తర్వాత అతని మీద మరే కేసూ లేదు. అయినా అప్పట్లో తెరిచిన రౌడీ షీటు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఎన్నికలు వచ్చినా, వినాయక చవితి వచ్చినా స్టేషన్‌కు రమ్మని కబురు పెడతారు. ఫొటో తీసి, సంతకం పెట్టించుకుని, పొద్దుపోయాక పంపుతారు. ఇదేమిటని అడిగితే ‘స్టాండింగ్ ఆర్డర్ ప్రకారమే’ అన్నారు. ఆ ఆర్డరు ఒకసారి చూపమంటే, అది డిపార్ట్‌మెంట్ లోపలి విషయమని, బయటివాళ్లకు ఇవ్వరని చెప్పారు. ఇంటర్నెట్‌లో ఎవరో స్కాన్ చేసి పెట్టిన పాత ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది గాని, అది ఇప్పుడు అమల్లో ఉందో లేదో తెలియడం లేదు. కాలిఫోర్నియాలో ఉంటున్న మా పిన్ని కొడుకు అక్కడి పోలీసు నిబంధనలన్నీ వెబ్‌సైట్‌లోనే ఉంటాయని చూపించాడు. మన దగ్గర కూడా అలా పెట్టమని అడిగే హక్కు ఉందా? అడిగితే తమ్ముడికి ఇబ్బంది ఇంకా పెరుగుతుందేమోనని భయంగా ఉంది.
— పేరు, ఊరు వేయవద్దని కోరిన పాఠకురాలు, ఆంధ్రప్రదేశ్

సమాధానం: మీకు ఆ హక్కు ఉంది. నిజానికి మీరు అడగవలసిన అవసరమే రాకుండా, ఆ నిబంధనలను తనంతట తానే అందరికీ అందుబాటులో ఉంచవలసిన బాధ్యత పోలీసు శాఖ మీద 2005 అక్టోబరు నుంచీ ఉంది. ‘లోపలి విషయం’ అనే సమాధానానికి చట్టంలో ఆధారం లేదు. నిబంధనలను బయటపెట్టించడం, మీ తమ్ముడి షీటును మూయించడం రెండు వేరువేరు పనులు కాబట్టి వాటిని కలపకుండా చెబుతాను. ముందు నిబంధనల సంగతి చూద్దాం, ఎందుకంటే తమ్ముడి తరఫున మీరు ఏ ప్రశ్న వేయాలో కూడా వాటిని చదివితేగాని తెలియదు.

సమాచార హక్కు చట్టం అనగానే మనకు దరఖాస్తు, పది రూపాయల పోస్టల్ ఆర్డరు, ముప్పై రోజుల గడువు గుర్తుకు వస్తాయి. కాని ఆ చట్టం దరఖాస్తు దాకా వెళ్లవలసిన అవసరాన్ని వీలైనంత తగ్గించాలని కోరుకుంది. ప్రతి ప్రభుత్వ సంస్థా ఎవరూ అడగకుండానే ప్రకటించవలసిన పదిహేడు అంశాలను సెక్షన్ 4(1)(బి) పేర్కొంటుంది. అందులో అయిదో అంశం, ఆ సంస్థ వద్ద ఉన్న, లేదా దాని ఉద్యోగులు తమ విధుల నిర్వహణలో ఉపయోగించే నియమాలు, నిబంధనలు, ఆదేశాలు, మాన్యువళ్లు, రికార్డులు. పోలీసు మాన్యువల్, అందులోని స్టాండింగ్ ఆర్డర్లు (సిబ్బంది ఎప్పుడూ పాటించవలసిన స్థాయీ ఆదేశాలు), డీజీపీ కార్యాలయం పంపే సర్క్యులర్ మెమోలు ఈ మాటల పరిధిలోకి రావని ఎవరూ నమ్మకంగా చెప్పలేరు. ఈ ప్రకటనకు చట్టం ఇచ్చిన గడువు 120 రోజులు. 2005 జూన్‌లో రాష్ట్రపతి ఆమోదం పొందిన చట్టం కాబట్టి ఆ గడువు అదే ఏడాది అక్టోబరులో ముగిసిపోయింది. ప్రజలు దరఖాస్తు పెట్టుకోవలసిన అగత్యం తగ్గేలా ఇంటర్నెట్‌తో సహా వివిధ మార్గాల్లో సమాచారాన్ని ఎప్పటికప్పుడు అందిస్తూ ఉండాలని సెక్షన్ 4(2) చెబుతుంది. ఆ అందించడంలో స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోవాలని, వీలైనంతవరకు ఎలక్ట్రానిక్ రూపంలో సులభంగా దొరికేలా ఉంచాలని సెక్షన్ 4(4) చెబుతుంది. అంటే మీరు అడిగేది కొత్త వరం కాదు, ఇరవై ఏళ్ల నాటి బాకీ.

ఇంకా వెనక్కి వెళితే, గణతంత్రం ఏర్పడిన మరుసటి సంవత్సరమే సుప్రీంకోర్టు ఈ విషయం మీద చాలా స్పష్టమైన మాట చెప్పింది. జైపూర్ సంస్థానంలో మహారాజు మరణించి వారసుడు మైనరుగా ఉన్న కాలంలో పాలన చూసిన మంత్రిమండలి, 1923 డిసెంబరులో నల్లమందు మీద ఒక చట్టాన్ని తీర్మానించింది. కాని దాన్ని గెజిట్‌లో వేయలేదు, మరే విధంగానూ జనానికి తెలియజేయలేదు. ఆ చట్టం కింద చాలా ఏళ్ల తర్వాత ఒకరికి యాభై రూపాయల జరిమానా పడింది. ఆ వ్యవహారం చివరికి సుప్రీంకోర్టుకు చేరింది. హర్లా కేసుగా పేరుపడిన ఆ వివాదంలో 1951 సెప్టెంబరులో జస్టిస్ వివియన్ బోస్ రాసిన తీర్పు, ప్రజలకు తెలియజేయని చట్టంతో ప్రజలను శిక్షించడం సహజ న్యాయానికే విరుద్ధమని తేల్చింది. మూసిన గదిలో చేసిన తీర్మానం, బయటివారికి తెలిసే ఏర్పాటు లేనంతవరకు, వారిని కట్టిపడేసే చట్టం కాలేదన్నది దాని సారాంశం.

దీనికి పోలీసు శాఖ వైపు నుంచి ఒక జవాబు వస్తుంది. స్టాండింగ్ ఆర్డర్లు చట్టాలు కావు, అవి మా సిబ్బందికి మేము ఇచ్చుకునే సూచనలు మాత్రమే, అందువల్ల హర్లా కేసు వీటికి వర్తించదు అని. ఆ మాటలో సగం నిజం ఉంది. 1962 డిసెంబరులో ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ పోలీసు రెగ్యులేషన్లను పరిశీలించినప్పుడు, అవి శాసనం మద్దతు లేని పాలనాపరమైన సూచనలేనని గుర్తించి, రాత్రిపూట ఇళ్లకు వెళ్లి తలుపు తట్టే నిబంధనను ఆ కారణంగానే కొట్టివేసింది. మన రాష్ట్రంలో 2022 జులైలో హైకోర్టు సింగిల్ జడ్జి కూడా, స్టాండింగ్ ఆర్డర్లకు చట్టబలం లేదు కాబట్టి వాటి ఆధారంగా మాత్రమే రౌడీ షీట్లు తెరవడం, కొనసాగించడం కుదరదని, పండుగలప్పుడు, ఎన్నికలప్పుడు షీటున్నవారిని స్టేషన్లకు పిలిపించి కూర్చోబెట్టకూడదని తీర్పు ఇచ్చారు. ఆ న్యాయచర్చ పై స్థాయిలో ఎటు తేలినా, మీ ప్రశ్నకు సంబంధించినంతవరకు ఒక విషయం గట్టిగా నిలుస్తుంది. ఆ ఆర్డరు కేవలం సిబ్బందికి చెప్పుకున్న లోపలి మాటే అయితే, దాని పేరు చెప్పి బయటి మనిషిని పని మాన్పించి స్టేషన్‌కు రప్పించే అధికారం దానికి ఉండకూడదు. అలా రప్పించే అధికారం దానికి ఉందంటారా, అప్పుడు ఆ మనిషి దాన్ని చదువుకునే హక్కును కాదనడానికి ఏ కారణమూ మిగలదు. రెండింటినీ ఒకేసారి కోరుకోవడం న్యాయం కాదు.

నిబంధన కనబడకపోతే ఏం నష్టమో మీ తమ్ముడి విషయంలోనే చూడండి. ఉమ్మడి రాష్ట్రం నుంచి వచ్చిన పోలీసు మాన్యువల్‌లో రౌడీ షీట్ల గురించి చెప్పేది 601వ స్టాండింగ్ ఆర్డరు. షీట్లను ఎంతకాలం ఉంచాలో చెప్పేది 602వది. హైకోర్టు తీర్పుల్లో ఈ రెండింటినీ పదేపదే ఎత్తి రాశారు కాబట్టి వాటిలోని ముఖ్యమైన సంగతులు మీకు ఇక్కడే చెప్పగలను. శాంతిభద్రతలకు భంగం కలిగించే నేరాలకు అలవాటుగా పాల్పడేవారు, మంచి నడవడికకు పూచీకత్తు రాయించుకున్నవారు, మహిళలను అలవాటుగా వేధించేవారు, బెదిరించి వసూళ్లు చేసేవారు వంటి కొన్ని వర్గాలను 601వ ఆర్డరు పేర్కొంటుంది. షీటు తెరవడానికి ఎస్సైగారి నిర్ణయం సరిపోదు, సబ్ డివిజన్ అధికారి గాని ఆ పై అధికారి గాని ఉత్తర్వు ఇవ్వాలి. రెండు కేసుల్లో నిందితుడిగా ఉన్నంతమాత్రాన ఒక మనిషి అలవాటుగా నేరం చేసేవాడు కాడని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1987లోనే చెప్పింది. మీ తమ్ముడి మీద ఉన్నది ఒక్క కేసు, అది కూడా రాజీతో ముగిసింది.

ఇక 602వ ఆర్డరు మీకు ఇంకా ముఖ్యం. నమోదైన తేదీ నుంచి ఆ డిసెంబరు నెలాఖరు వరకు షీటును నిర్వహించాలి. ఆ పైన దాన్ని ఆపాలా, మరికొంత కాలం ఉంచాలా అన్నదానికి గెజిటెడ్ అధికారి ఉత్తర్వులు తీసుకోవాలి. అంటే ప్రతి పొడిగింపు వెనుకా ఒక అధికారి ఆలోచించి సంతకం చేసిన కాగితం ఉండాలన్నమాట. అయిదేళ్లుగా కేసులు లేనంతమాత్రాన షీటు దానంతట అది పోదని కూడా అదే ఆర్డరులో ఉంది. కాబట్టి ‘ఇన్నేళ్లుగా కేసు లేదు కదా’ అన్న ఒక్క వాదనతో వెళితే దాన్ని కొట్టిపారేసే సమాధానం వారి దగ్గర సిద్ధంగా ఉంటుంది. ‘ఏటా పొడిగిస్తూ ఇచ్చిన ఉత్తర్వులు ఏవి, వాటిలో రాసిన కారణాలు ఏవి’ అని అడిగితే పరిస్థితి వేరుగా ఉంటుంది. ఈ తేడా తెలియక, సరైన ప్రశ్న నోట రాక, ఏళ్ల తరబడి స్టేషన్ మెట్లెక్కుతున్న కుటుంబాలు ఎన్నో ఉండి ఉంటాయి. అందుకే ఈ నిబంధనలు తెలుగులో, ఫోన్‌లో చదువుకునేలా అందరికీ కనబడాలని నేను ఇంతగా పట్టుబడుతున్నాను.

ఇక్కడ మరో వైపరీత్యం కూడా చెప్పాలి. 2016 సెప్టెంబరులో యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ప్రకారం, లైంగిక నేరాలు, ఉగ్రవాదం వంటి సున్నితమైన కేసులు మినహా, ప్రతి ఎఫ్‌ఐఆర్‌నూ 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలి. నెట్‌వర్క్ ఇబ్బందులుంటే గరిష్ఠంగా 72 గంటలు. అది మంచి ఆదేశం, నిందితుడికి తన మీద ఏం రాశారో తెలియడం కోసమే ఇచ్చారు. కాని పౌరుడి మీద వచ్చిన ఆరోపణను ఒక రోజులో వెబ్‌సైట్‌లోకి ఎక్కించగలిగిన వ్యవస్థ, ఆ పౌరుడితో తాను ఎలా నడుచుకోవాలో చెప్పే నిబంధనను అదే వెబ్‌సైట్‌లో పెట్టలేకపోవడానికి సాంకేతిక కారణాలు ఉన్నాయంటే ఒప్పుకోలేం. 1996 డిసెంబరులో డీకే బసు కేసులో అరెస్టు సమయంలో పాటించవలసిన పదకొండు నియమాలను నిర్దేశించిన సుప్రీంకోర్టు, వాటిని పోలీసులకు చెప్పి ఊరుకోలేదు. ప్రతి స్టేషన్‌లో అందరికీ కనబడే చోట ప్రదర్శించాలని ఆదేశించి, ఆకాశవాణిలో, దూరదర్శన్‌లో ప్రసారం చేసి, స్థానిక భాషలో కరపత్రాలు పంచితే మేలని కూడా రాసింది. ఇంటర్నెట్ ఇంకా ఇళ్లలోకి రాని రోజుల్లో జనానికి చేరడానికి ఉన్న దారులన్నీ ఆ తీర్పులో ఉన్నాయి. అదే తీర్పు ఈ రోజు రాసి ఉంటే అందులో మొదటి దారి వెబ్‌సైటే అయ్యేది.

మీ పిన్ని కొడుకు చూపించిన దాని వెనుక కూడా ఒక చట్టం ఉంది. కాలిఫోర్నియా శాసనసభ 2018లో ఆమోదించిన సెనేట్ బిల్లు 978 ప్రకారం, 2020 జనవరి 1 నుంచి ఆ రాష్ట్రంలోని స్థానిక పోలీసు శాఖలు తమ ప్రస్తుత ప్రమాణాలు, విధానాలు, కార్యాచరణ పద్ధతులు, శిక్షణ పాఠాలను వెబ్‌సైట్‌లో స్పష్టంగా కనబడేలా పెట్టాలి. అక్కడి సమాచార చట్టం కింద ఎవరైనా అడిగితే ఇవ్వవలసిన పత్రం ఏదైనా సరే, అడగక ముందే పెట్టాలన్నది ఆ బిల్లు సూత్రం. ఇంగ్లండ్, వేల్స్ పోలీసులకు కూడా కాలేజ్ ఆఫ్ పోలీసింగ్ రూపొందించిన ఆచరణ ప్రమాణాలు చాలావరకు ఇంటర్నెట్‌లో ఎవరైనా చదువుకునేలా ఉన్నాయి. మన సెక్షన్ 4 ఈ కాలిఫోర్నియా చట్టం కన్నా పదమూడేళ్లు ముందుది. దాని మాటల్లో లోటు లేదు, అమలు చేయమని గట్టిగా వెంటపడేవారే తక్కువ.

పోలీసుల వైపు నుంచి వచ్చే ఒక ఆందోళనను మాత్రం తోసిపుచ్చకూడదు. అన్నీ బయటపెడితే నేరగాళ్లు జాగ్రత్తపడతారు కదా అంటారు. సోదాకు ఏ సమయంలో వెళతారు, నిఘా ఎవరి మీద ఎలా పెడతారు, సమాచారం ఇచ్చేవారు ఎవరు, ఉన్నతాధికారుల బందోబస్తులో ఎవరు ఎక్కడ నిలబడతారు అన్నవి బయటపెట్టవలసినవి కావు. ఒకరి ప్రాణానికి ముప్పు తెచ్చే సమాచారానికి, దర్యాప్తుకు అడ్డుపడే సమాచారానికి సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)లోనే మినహాయింపు ఉంది. ఒక పత్రంలో అటువంటి భాగాలు కొన్ని ఉంటే వాటిని మాత్రం తీసివేసి మిగిలినది ఇవ్వాలని సెక్షన్ 10 చెబుతుంది. ఇంటెలిజెన్స్ వంటి విభాగాలను మినహాయించే అధికారం సెక్షన్ 24 కింద రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, అయితే అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించిన సమాచారానికి ఆ మినహాయింపు వర్తించదు. కాని షీటు ఎవరి మీద తెరవాలి, ఎప్పుడు మూయాలి, నోటీసు ఎలా ఇవ్వాలి, మహిళను ఎప్పుడు అరెస్టు చేయకూడదు, స్టేషన్‌లోని సీసీ కెమెరా దృశ్యాలను ఎంతకాలం భద్రపరచాలి అన్న నిబంధనలు నేరగాడికి ఏ ఎత్తుగడనూ నేర్పవు. అవి అధికారానికి గీసిన హద్దులు.

అదే సమయంలో, నిబంధన బహిరంగం కావాలంటే వ్యక్తుల షీట్లు కూడా బహిరంగం కావాలని అర్థం కాదు. 2024 మే నెలలో అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు, హిస్టరీ షీటు (రౌడీ షీటులాగే ఒక మనిషి నేర చరిత్ర రాసి ఉంచే పత్రం) పోలీసుల అంతర్గత పత్రమని, దాన్ని జనంలోకి తేకూడదని చెప్పింది. ఆ కేసు నడుస్తుండగా ఢిల్లీ పోలీసులు తమ స్టాండింగ్ ఆర్డరును సవరించారు. ఏ నేరంతోనూ సంబంధం లేని మైనర్ల వివరాలు షీట్లలో చేరకుండా జాగ్రత్తలు పెట్టారు. ఇతర రాష్ట్రాలు కూడా ఆ మార్గాన్ని పరిశీలించాలని కోర్టు సూచించింది. షీటులో ఉన్న మనుషుల వివరాలు దాచాలి, షీటు తెరిచే నిబంధనను చూపించాలి. స్టేషన్‌లో మీకు చెప్పిన ‘లోపలి విషయం’ అన్న మాట ఈ రెండింటినీ కలిపేయడం వల్ల వచ్చి ఉండవచ్చు, అడిగినప్పుడు ఈ తేడా మర్యాదగా గుర్తుచేయండి.

వెబ్‌సైట్‌లో పెట్టడమంటే ఏమిటో కూడా స్పష్టంగా అడగాలి, లేకపోతే ఎవరికీ ఉపయోగపడని రూపంలో పెట్టి బాధ్యత తీరిందనిపిస్తారు. వందల పేజీల పుస్తకాన్ని అక్షరాలు వంకరగా ఉన్న స్కాన్ బొమ్మలుగా ఎక్కిస్తే అందులో ఒక మాట వెతకడం కుదరదు. చూపులేనివారి ఫోన్ దాన్ని చదివి వినిపించలేదు. తెలుగులో ఉన్నా, ‘అను’ అనే పాత రకం ఫాంట్లలో టైపు చేసిన ఫైలు అయితే వెతికినా దొరకదు, కాపీ చేసుకుంటే పిచ్చి గుర్తులు వస్తాయి. అందువల్ల యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా సరిగా కనబడే) తెలుగులో, వెతికేందుకు వీలైన రూపంలో అని రాతపూర్వకంగా కోరాలి. ప్రతి ఆర్డరు పక్కన జారీ తేదీ, సవరణ తేదీ ఉండాలి. 2024 జులై 1 నుంచి నేర విచారణ స్మృతి స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చి సెక్షన్ల సంఖ్యలన్నీ మారిపోయాయి. అరెస్టు చేయకుండా హాజరు కమ్మని ఇచ్చే నోటీసు ఇదివరకు సెక్షన్ 41ఏ కింద ఉండేది, ఇప్పుడది సెక్షన్ 35లో ఉంది. పాత సంఖ్యలతో ఉన్న మాన్యువల్‌ను అలాగే ఎక్కిస్తే చదివినవారు తప్పుదారి పడతారు, కొత్తగా డ్యూటీలో చేరిన కానిస్టేబుల్ కూడా తప్పుదారి పడతాడు. ఈ విషయంలో పోలీసు సిబ్బందికి కలిగే మేలు గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. ఒత్తిడి తెచ్చే స్థానిక నాయకుడికి ‘నిబంధన ఇది, అందరికీ కనబడుతోంది, నేను దీన్ని దాటలేను’ అని చూపించగలిగిన ఎస్సైకి ఆ పేజీ ఒక రక్షణ. రేషన్ దుకాణం ముందు ధరల బోర్డు ఉంటే డీలరుకీ, కార్డుదారుకీ తగువు తగ్గినట్టే ఇదీ.

ఇప్పుడు దరఖాస్తు సంగతి. మీ భయానికి కూడా ఇక్కడే జవాబు ఉంది. రెండు దరఖాస్తులు పెట్టండి, రెండింటినీ ఒకరే పెట్టవద్దు. నిబంధనల ప్రతుల కోసం మీరు మీ పేరుతో, మంగళగిరిలోని పోలీసు ప్రధాన కార్యాలయంలో పౌర సమాచార అధికారికి రాయండి. అందులో తమ్ముడి పేరు గాని, మీ స్టేషన్ పేరు గాని ఎక్కడా రాయకండి, ఎందుకు కావాలో కూడా చెప్పకండి. కారణం అడిగే అధికారం వారికి లేదని సెక్షన్ 6(2) చెబుతుంది. రసీదు చేతికి వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. దరఖాస్తులో ఇలా రాయవచ్చు:

“సమాచార హక్కు చట్టం, 2005 సెక్షన్ 6(1) కింద ఈ సమాచారం కోరుతున్నాను. రౌడీ షీట్లు, సస్పెక్ట్ షీట్లు తెరవడం, కొనసాగించడం, సమీక్షించడం, మూసివేయడానికి సంబంధించి ఈ రోజుకు అమల్లో ఉన్న పోలీసు మాన్యువల్ స్టాండింగ్ ఆర్డర్ల ప్రతులు, వాటికి జరిగిన సవరణలతో సహా ఇవ్వగలరు. వాటి అమలు కోసం ప్రధాన కార్యాలయం జారీ చేసి, ప్రస్తుతం అమల్లో ఉన్న సర్క్యులర్లు, మెమోల ప్రతులు ఇవ్వగలరు. ఈ పత్రాలను సెక్షన్ 4(1)(బి)లోని అయిదో అంశం కింద ప్రకటించిన వెబ్ పేజీ చిరునామా, ఆ పేజీని చివరిసారి సవరించిన తేదీ తెలియజేయగలరు. ప్రకటించి ఉండకపోతే, ఆ ప్రకటనకు బాధ్యులైన అధికారి హోదా తెలియజేయగలరు. పత్రాలు కంప్యూటరులో ఉంటే సెక్షన్ 2(జె) ప్రకారం ఎలక్ట్రానిక్ రూపంలో ఇవ్వగలరు.”

‘ఎందుకు పెట్టలేదు’ అని మాత్రం అడగవద్దు. ఉన్న పత్రాన్ని ఇవ్వడమే వారి బాధ్యత గాని సంజాయిషీ రాసి ఇవ్వడం కాదని తిప్పి పంపడానికి అది వీలు కల్పిస్తుంది. తిరస్కరిస్తే ఏ మినహాయింపు కింద తిరస్కరిస్తున్నారో కారణంతో సహా రాయాలి. ఆ తిరస్కరణ సరైనదని నిరూపించే భారం కూడా వారిదే. ముప్పై రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చినది సరిగా లేకపోయినా, మరో ముప్పై రోజుల్లోగా అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయండి. అక్కడా కాకపోతే తొంభై రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వెళ్లాలి. చాలామంది ఇక్కడ పొరబడి సెక్షన్ 18 కింద ఫిర్యాదు చేస్తారు. ఆ సెక్షన్ కింద కమిషన్ జరిమానా వేయగలదు గాని సమాచారం ఇప్పించలేదని 2011 డిసెంబరులో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీరు సెక్షన్ 19 దారినే పట్టుకోండి. అదే సెక్షన్‌లోని ఎనిమిదో ఉపవిభాగం, ఫలానా రకం సమాచారాన్ని ప్రకటించి తీరాలని ఏ ప్రభుత్వ సంస్థనైనా ఆదేశించే అధికారాన్ని కమిషన్‌కు ఇస్తోంది. మీ అప్పీలులో చివరి అభ్యర్థన అదే కావాలి: ప్రతి నాకు ఇప్పించడంతో ఆగకుండా, ఈ ఆర్డర్లను తెలుగులో వెబ్‌సైట్‌లో ప్రకటించమని ఆదేశించండి అని. సెక్షన్ 4 అమలును కమిషన్లు నిరంతరం పర్యవేక్షించాలని 2023 ఆగస్టులో కిషన్ చంద్ జైన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటను అందులో ప్రస్తావించండి. కమిషన్‌లో కేసు తేలడానికి చాలా నెలలు పట్టవచ్చు, మధ్యలో వదిలేయవద్దు. ఈ పని మీ ఒక్క ఇంటికోసం కాదు, ఆ ఆదేశం వస్తే రాష్ట్రంలో షీటు ఉన్న ప్రతి ఇంటికీ ఆ పేజీ తెరుచుకుంటుంది.

రెండో దరఖాస్తు మీ తమ్ముడు తన సంతకంతో, జిల్లా ఎస్పీ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి పంపాలి. తన మీద షీటు తెరుస్తూ ఇచ్చిన ఉత్తర్వు ప్రతి, ఆ తర్వాత ప్రతి సంవత్సరం దాన్ని కొనసాగిస్తూ గెజిటెడ్ అధికారి ఇచ్చిన ఉత్తర్వుల ప్రతులు, ఈ రెండే అడగమనండి. దర్యాప్తు పేరు చెప్పి నిరాకరించడానికి ఇందులో పెండింగు కేసు ఏదీ లేదు. ఉత్తర్వులు దొరికితే వాటిలోని కారణాలు చూడవచ్చు. దొరకలేదని రాతపూర్వకంగా చెబితే అది మరింత విలువైన కాగితం. ఏదైనా చేతికి వచ్చాక, లోక్ అదాలత్ అవార్డు (రాజీని నమోదు చేసిన తీర్పు) ప్రతిని జతచేసి షీటు మూసివేయమని ఎస్పీగారికి వినతిపత్రం ఇవ్వాలి. దానికి స్పందన లేకపోతే హైకోర్టులో రిట్ వేయవచ్చు. నేను పైన చెప్పిన 2022 తీర్పును ఆధారం చేసుకునే ముందు, దాని తర్వాత వచ్చిన ఉత్తర్వులను న్యాయవాదితో తప్పక సరిచూసుకోండి. ఫీజు భరించలేని పరిస్థితి అయితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించండి, అర్హత ఉన్నవారికి అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. ఈ లోగా స్టేషన్ నుంచి మళ్లీ పిలుపు వస్తే, మీ తమ్ముడు వాదనకు దిగవద్దు. ఏ సెక్షన్ కింద రమ్మంటున్నారో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వమని వినయంగా కోరితే చాలు, వెళ్లినప్పుడు తోడుగా ఒకరిని తీసుకువెళ్లి, వెళ్లిన సమయం, వచ్చిన సమయం రాసిపెట్టుకోవాలి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. షీట్ల కొనసాగింపు నిర్ణయం డిసెంబరు నెలాఖరుతో ముడిపడి ఉంది కాబట్టి, తమ్ముడి దరఖాస్తు అక్టోబరు దాటకుండా ఎస్పీ కార్యాలయానికి చేరితే, సమాధానం వచ్చాక వినతిపత్రం ఇవ్వడానికి సమయం మిగులుతుంది, వచ్చే ఏడాదికి పొడిగింపు రాసే అధికారి ముందు ఆ వినతిపత్రం కూడా ఉంటుంది.